చేతులు పట్టుకున్న మూడోవాడు

వరంగల్ అదాలత్‌లో, అంటే జిల్లా కోర్టులో, నాకు పందొమ్మిదేళ్ల ప్రాక్టీసు, దాదాపు అంతా క్రిమినల్ సైడే. కొత్తగా బార్‌లోకి వచ్చిన పిల్లలు "సార్, ఒక కేసు ఎఫ్‌ఐఆర్ నుంచి తీర్పు దాకా ఎట్లా నడుస్తదో చెప్పండి" అని అడుగుతుంటారు. చెబుదామని కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి వాయిదా తేదీ అడుగుతారు, మాట అక్కడే ఆగిపోతుంది. అందుకే ఒక కేసు తీసుకుని మొత్తం రాస్తున్నా. క్లయింట్‌ను అడిగే రాస్తున్నాను. ఊరు, పేర్లు ఉండవు, పరకాల వైపు ఒక ఊరు అనుకోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ కేసు దాదాపు ఐదేళ్లు నడిచింది. కానీ తేలింది మాత్రం మొదటి రెండు మూడు రోజుల్లో ఎవరెవరో రాసిన నాలుగైదు కాగితాల మీద. మిగతా కాలమంతా ఆ కాగితాలను కోర్టు ముందుకు తేవడానికే పట్టింది.

2019 జూన్ చివరి వారం. మొగులు పట్టి, పత్తి గింజలు పెట్టే రోజులు. అన్నదమ్ములు భూమి పంచుకుని ఇరవై ఏళ్లు దాటింది, మధ్యలో గట్టు. తమ్ముడు ట్రాక్టర్ పెట్టి దున్నిస్తుంటే గట్టు తనవైపు జరిగిందని అన్న అడ్డం వచ్చాడు. పోయిన జాగ లెక్కేస్తే గుంట కూడా ఉండదు. సాయంత్రం ఆరున్నరకు మాటా మాటా పెరిగి అన్న తల పగిలింది, ఎడమ చెవికి పైన. 108 వచ్చింది, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో కట్టుకట్టి, అక్కడి నుంచి వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి పంపారు.

మర్నాడు పదకొండు గంటలకు అన్న కొడుకు స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చాడు. చిన్నాయన ఏ-1, అంటే మొదటి నిందితుడు, ఆయన పెద్దకొడుకు ఏ-2, చిన్నకొడుకు ఏ-3. దరఖాస్తులో ముఖ్యమైన వాక్యం ఇది: "ఏ-2, ఏ-3లు మా నాన్న రెండు చేతులు పట్టుకోగా ఏ-1 చంపాలనే ఉద్దేశంతో గొడ్డలితో తలపై నరికినాడు." మన దగ్గర 307 (ఐపీసీలో హత్యాయత్నం సెక్షన్) ఎఫ్‌ఐఆర్‌లు నాలుగు చదివినవాళ్లకు ఈ ‘పట్టుకోగా’ బాగా పరిచయమే. కొట్టినవాడు ఒక్కడే అయినప్పుడు ఆ ఇంటి మిగతా మగవాళ్లను కేసులోకి తేవాలంటే వాళ్లకు ఏదో ఒక పని ఇవ్వాలి, చేతులు పట్టుకోవడం కంటే తేలికైన పని ఇంకోటి లేదు. దానికి గాయం ఉండదు, ఆయుధం ఉండదు, ఫోరెన్సిక్ రిపోర్టూ అక్కర్లేదు. ఐపీసీ 34, అంటే ఉమ్మడి ఉద్దేశం, అతికిస్తే సరిపోతుంది.

ఇంకో మాట కూడా గమనించండి. గొడ్డలి. కర్రతో కొట్టి గాయమైతే 324 (ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం), మూడేళ్ల దాకా శిక్ష. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని, ముందు హాజరు కమ్మని 41-ఏ నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. గొడ్డలి, చంపాలనే ఉద్దేశం అన్న రెండు మాటలు పడగానే అది 307 అయింది, యావజ్జీవం దాకా పోయే సెక్షన్. నోటీసుతో పోయేది జైలు దాకా వచ్చింది.

ఏ-3కి అప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయి, కాజీపేట దాటాక హైదరాబాద్ రోడ్డు మీద ఒక పెట్రోల్ బంకులో పని చేస్తూ, కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు. దరఖాస్తు ఇచ్చిన అన్న కొడుకు కూడా అదే ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అరెస్టైన మర్నాడు పొద్దున్నే వాళ్ల అమ్మ ఆఫీసుకు వచ్చింది.

"వకీలు సాబ్, పెద్దోళ్లు కొట్టుకున్నరు, అది నిజమే. మా చిన్నోడు ఆడ లేనే లేడు. బంకుల డ్యూటీల ఉన్నడు."

"ఉన్నట్టు కాగితం ఏమన్నా ఉందా అమ్మా?"

"కాగితమెందుకు సార్, అందరు చూసిండ్రు గద."

అందరూ చూస్తారు. ఐదేళ్ల తర్వాత బోనెక్కి చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారన్నదే అసలు విషయం.

ఆమె ముగ్గురికీ వకాలత్ నన్నే వేయమంది. నేను ఏ-3కి మాత్రమే వేశాను, తండ్రికి, అన్నకు వేరే వకీలును చూపించాను. కొత్తవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. ఒకే ఇల్లు, ఒకే ఫీజు కదా అని ముగ్గురినీ నెత్తిన పెట్టుకుంటారు. రేపు విచారణలో ‘కొట్టింది తండ్రే, నా క్లయింట్ అక్కడ లేడు’ అని చెప్పాల్సి వస్తే ఏ నోటితో చెబుతారు? ఆ తల్లికి నేను ఇది సర్దిచెప్పడానికి గంట పట్టింది, మధ్యలో ఏడ్చింది కూడా.

రిమాండ్ సంగతి. బంకులో డ్యూటీలో ఉండగా, యూనిఫాం మీదనే, మూడో రోజు పొద్దున తీసుకుపోయారని పిల్లవాడు చెప్పాడు. అరెస్టు మెమోలో మాత్రం మర్నాడు తెల్లవారుజామున ఊరి బస్టాండ్ దగ్గర తిరుగుతుండగా పట్టుకున్నట్టు ఉంది. అరెస్టు చేసిన 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి కాబట్టి గడియారం ఎప్పుడు మొదలైందన్నది ముఖ్యం, ఆ గడియారాన్ని రాసేది మాత్రం పట్టుకున్నవాళ్లే. మేజిస్ట్రేట్ ఇంటి దగ్గర హాజరుపరిచారు. "పోలీసులు కొట్టారా?" అని అడిగితే లేదన్నాడు. ఎందుకు చెప్పలేదురా అంటే "నన్ను తెచ్చినోళ్లే పక్కన నిలబడ్డరు సార్" అన్నాడు.

14 రోజులు జ్యుడీషియల్ రిమాండ్, వరంగల్ సెంట్రల్ జైలు. ఇప్పుడు ఆ జైలే లేదు. 2021లో ఖైదీలను వేరే జైళ్లకు తరలించి, దాన్ని కూలగొట్టి ఆ జాగను సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి ఇచ్చారు. ములాఖత్ కోసం మనవాళ్లు దూరం జైళ్లకు బస్సెక్కినప్పుడల్లా నాకు ఆ పాత గోడ గుర్తొస్తుంది.

జైల్లో వాడు నాకు చెప్పిన ఒక్క విషయం కేసును నిలబెట్టింది. "సార్, షిఫ్టు అయిపోయినంక రీడింగ్ రాసి సంతకం పెడ్తం." బంకులో మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా వాడి షిఫ్టు. షిఫ్టు మొదట్లో ఆ పంపు నాజిల్ మీటర్ ఎంతుంది, దిగేటప్పుడు ఎంతుంది, ఎన్ని లీటర్లు పోయింది, క్యాష్ ఎంత అప్పజెప్పాడు, చివర సంతకం. అన్నీ ఒక పొడుగు పుస్తకంలో ఒక్కో రోజుకు ఒక్కో పేజీ.

వెంటనే పరుగెత్తానని రాయాలని ఉంది. పరుగెత్తలేదు. బెయిలు పిటిషన్ హడావుడిలో పడి, బంకుకు పోయేసరికి ఇరవై రోజులు దాటింది. అప్పటికి సీసీ కెమెరా రికార్డింగ్ మీద కొత్త రికార్డింగ్ ఎక్కిపోయింది. ఆ రోజు సాయంత్రం ఆరున్నరకు పంపు దగ్గర నిలబడ్డ పిల్లవాడు, మూడో రోజు పొద్దున వచ్చిన జీపు, రెండూ అందులోనే ఉండేవి. ఫోన్ కాల్ డేటా, టవర్ లొకేషన్ విషయంలోనూ అంతే. అప్పట్లో కంపెనీలు ఆ రికార్డును ఏడాది పాటు ఉంచాలన్నది నిబంధన (2021 డిసెంబర్‌లో రెండేళ్లు చేశారు). భద్రపరచమని కోర్టును అడుగుతూ పిటిషన్ వేద్దాం వేద్దాం అనుకుంటూ ఉన్నా, కరోనా వచ్చి కోర్టులు మూతపడ్డాయి, ఏడాది గడిచిపోయింది. ఇది పూర్తిగా నా తప్పు. ఇప్పుడు ఎవరైనా ‘నేనక్కడ లేను’ అంటే వకాలత్ మీద సంతకం కంటే ముందు సీసీ కెమెరా ఎక్కడుందని అడుగుతా.

పుస్తకం మాత్రం దొరికింది. ఓనర్ భయపడ్డాడు, "మమ్మల్ని కోర్టుకు తిప్పకండి సార్" అన్నాడు. పేజీ ఫొటో తీసుకోనిచ్చాడు. అసలు పుస్తకం పారేయకుండా ఉంచమని లెటర్ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నా. ఈ సంగతంతా చెప్పి ఐవోకు, అంటే దర్యాప్తు అధికారికి, రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. ఆయన బంకుకు పోలేదు. ఆ పోస్టు రసీదు తర్వాత బాగా పనికొచ్చింది.

బెయిలు. 307లో మేజిస్ట్రేట్ దగ్గర బెయిలు దాదాపు దొరకదు. అక్కడ వేసి, డిస్మిస్ చేయించుకుని, అప్పుడు సెషన్స్‌కు పోవడం ఒక అలవాటుగా మారింది. నేను నేరుగా సెషన్స్‌లోనే సీఆర్‌పీసీ (అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 439 కింద వేశా. పీపీ గారు, అంటే ప్రభుత్వ వకీలు, గాయపడ్డ మనిషి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడని, బయటికొస్తే సాక్షులను బెదిరిస్తారని మామూలు కౌంటరే చెప్పారు. తండ్రికి, అన్నకు డిస్మిస్ అయింది. ఏ-3కి పందొమ్మిదో రోజు వచ్చింది. 25,000 రూపాయల బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు, ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం.

బెయిలు వచ్చిందంటే బయటికి వచ్చినట్టు కాదు. జామీనుకు మేనమామ ముందుకొచ్చాడు. ఇంటి పన్ను రసీదులో ఆయన ఇంటిపేరులో ఒక అక్షరం తేడా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. వెరిఫై చేసే గుమస్తా ఒప్పుకోలేదు, అతని తప్పు కూడా కాదు, దొంగ జామీన్లు ఎన్ని చూసుంటాడో. పంచాయతీ సెక్రటరీ దగ్గర సర్టిఫికెట్ తెమ్మన్నారు, సెక్రటరీ సెలవులో ఉన్నాడు. ఐదు రోజులు. ఒక అక్షరానికి ఐదు రోజుల జైలు. బెయిలు ఇచ్చిన నెలలోపు జామీన్లు పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించడం గురించి ఆలోచించాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. మంచిదే, కానీ నెలంటే నెల.

తండ్రీ, పెద్దకొడుకూ నలభై ఆరో రోజున, గాయపడ్డ మనిషి డిశ్చార్జి అయ్యాక రెండో పిటిషన్‌లో బయటికొచ్చారు. ఇక్కడ జనం అందరూ పొరపడే ఒక విషయం చెప్పాలి. ‘90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే కేసు కొట్టేస్తారట కదా సార్’ అని వారానికొకరు అడుగుతారు. కొట్టేయరు. లోపల ఉన్నవాడికి బెయిలు హక్కుగా వస్తుంది, అంతే. పెద్ద సెక్షన్లకు 90 రోజులు, మిగతావాటికి 60, రిమాండ్ పడ్డ రోజును కూడా కలిపి లెక్కేయాలని 2023లో తేలింది. అందరూ బెయిలు మీద బయటుంటే చార్జిషీటుకు తొందర ఎవరికీ ఉండదు. మన కేసులో అది 2020 ఆగస్టులో వచ్చింది, సంఘటన జరిగిన పద్నాలుగు నెలలకు.

చార్జిషీటు వచ్చాక నంబర్ల గోల. స్టేషన్‌లో ఉన్నప్పుడు క్రైమ్ నంబర్. సెషన్స్ విచారించాల్సిన కేసు కాబట్టి మేజిస్ట్రేట్ కోర్టులో పీఆర్‌సీ నంబర్. అక్కడ నిందితులకు కాగితాల కాపీలు ఇచ్చి, సెషన్స్‌కు కమిట్ చేశాక, అంటే పంపాక, ఎస్‌సీ (సెషన్స్ కేసు) నంబర్. ఒకే కేసుకు మూడు పేర్లు. తండ్రి ఒకసారి భయంభయంగా వచ్చి "సార్, మా మీద ఇంకో రెండు కేసులు పెట్టిండ్రంట" అన్నాడు. ఈ కమిటల్ అన్నది రెండు మూడు వాయిదాల్లో అయ్యే పని, మనకు ఏడాది పట్టింది. కరోనా కొంత. లారీ మీద పోయిన ఏ-2 ఒక వాయిదాకు రాకపోతే వారంట్ పడి, దాన్ని రీకాల్ చేయించుకునేదాకా ఫైలు కదలకపోవడం కొంత. ఒకడు రాకపోతే ముగ్గురూ ఆగాల్సిందే. 2021 డిసెంబర్‌లో అప్పటి సీజేఐ ఎన్.వి. రమణ గారు మన దగ్గర పది కోర్టుల కొత్త భవనం ప్రారంభించినప్పుడు మా ఫైలు ఇంకా చార్జి ఫ్రేమింగ్, అంటే అభియోగాలు ఖరారు చేయడం, దాకా కూడా రాలేదు.

మధ్యలో రాజీ ప్రయత్నం జరిగింది. పెద్దమనుషులు కూర్చుని, ఆసుపత్రి ఖర్చులు ఇచ్చి గట్టు వెనక్కి జరిపితే కేసు వదిలేయాలన్నారు. 307 కోర్టులో నేరుగా రాజీ చేసుకునే సెక్షన్ కాదు, రాజీ కుదిరితే హైకోర్టుకు పోయి కేసు కొట్టేయమని (క్వాష్) అడగాలి, గాయం ఎక్కడ తగిలింది, ఆయుధం ఏంటి అన్నవి చూసి ఇస్తారో ఇవ్వరో. తల పగిలిన పెద్దాయన మెత్తబడ్డాడు. కొడుకు ఒప్పుకోలేదు. "చిన్నోని పేరు మాత్రం తియ్యం" అన్నాడట పంచాయితీలో. అప్పుడు తెలిసింది నాకు, ఇద్దరూ ఒకే ఉద్యోగానికి పోటీ అని.

2022 ఏప్రిల్‌లో పోలీసు నోటిఫికేషన్ పడింది. ఏ-3 ఆఫీసుకొచ్చి చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి అడిగాడు. "సార్, కేసున్నదని రాయాల్నా? మా దోస్తులు రాయకు అంటున్నరు."

"రాయి."

"రాస్తే తీసేస్తరు గద సార్."

"రాస్తే ఒకవేళ తీసేస్తారు. దాచితే దొరికిన రోజు తీసేస్తారు, అబద్ధం చెప్పినవాడివి కూడా అవుతావు."

దాచిపెట్టినందుకు ఉద్యోగం పోయిన కేసులు చూశా కాబట్టి చెప్పా. అడిగినచోట రాశాడు. రన్నింగ్ పాసయ్యాడు, ఫైనల్ రాత పరీక్షలో కొద్ది మార్కుల్లో పోయింది. కేసు టెన్షన్ వల్లే పోయిందని వాళ్ల నాన్న ఇప్పటికీ అంటాడు. కాదని నేను చెప్పలేను.

విచారణ 2023లో మొదలైంది, అసిస్టెంట్ సెషన్స్ కోర్టులో. చార్జిషీటులో పద్నాలుగు మంది సాక్షులు. ఇక్కడికొచ్చాక కాగితాల పని మొదలైంది.

పీడబ్ల్యూ-1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, దరఖాస్తు ఇచ్చిన కొడుకు. గొడవప్పుడు అతను చేను దగ్గర లేడు, విన్నాక వచ్చాడు. పీపీ గారు అడిగిన చీఫ్ విచారణలో మాత్రం చూసినట్టే చెప్పాడు. నేను ఎక్కువ అడగలేదు. దరఖాస్తు ఎవరు రాశారు, ఎక్కడ కూర్చుని రాశారు, అంతే. మండలాఫీసు దగ్గర పిటిషన్లు రాసే ఒకాయన రాశాడు. "ఇందులో ‘ఉమ్మడి ఉద్దేశంతో’ అని ఉంది, అంటే ఏంటి?" "తెల్వదు సార్, ఆయన రాసిండు." జడ్జి గారు తల ఎత్తి చూసి, మళ్లీ రాసుకున్నారు.

పీడబ్ల్యూ-2, తల పగిలిన పెద్దాయన. ఈ క్రాస్ (ఎదురు ప్రశ్నలు) కోసం నేను ఒక పిటిషన్ ముందే వేసి పెట్టుకున్నా. చార్జిషీటుతో మనకిచ్చింది గాయాల సర్టిఫికెట్ మాత్రమే, అది తర్వాత తాపీగా తయారయ్యేది. కానీ మొదట చూసిన డాక్టర్ ఆ రాత్రే రిజిస్టర్‌లో ఒక ఎంట్రీ రాస్తాడు, ఎవరు కొట్టారు, దేనితో, ఎన్ని గంటలకు అని పేషెంట్ చెప్పింది చెప్పినట్టు. మెడికో లీగల్ కేసు ఎంట్రీ, పొట్టిగా ఎమ్మెల్సీ అంటాం. ఆ రిజిస్టర్‌ను, కోర్టు కాగితాలు తెప్పించే సెక్షన్ 91 కింద తెప్పించాను. ఏడూ నలభైకి రాసింది, ఇంగ్లీషులో ఒకటిన్నర లైను. తమ్ముడు కర్రతో కొట్టాడని. గొడ్డలి లేదు. చేతులు పట్టుకున్నవాళ్లు లేరు.

నేను: అంబులెన్స్ ఎక్కినప్పుడు మీకు సోయి ఉందా?

సాక్షి: ఉన్నది.

నేను: డాక్టర్ గారు ఎట్లా తగిలిందని అడిగారా?

సాక్షి: అడిగిండు.

నేను: మీరే చెప్పారా, వేరేవాళ్లు చెప్పారా?

సాక్షి: నేనే చెప్పిన. నా కొడుకు అప్పటికింక రాలే.

నేను: ఏం చెప్పారు?

సాక్షి: మా తమ్ముడు కొట్టిండని చెప్పిన.

నేను: దేనితో?

ఇక్కడ ఆయన ఆగాడు. కొడుకు కోర్టు హాలు బయట, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పెద్దాయన అటు చూడలేదు. బోను కర్రను పట్టుకున్న తన చేతులనే చూసుకున్నాడు కాసేపు.

సాక్షి: కట్టెతోని.

నేను కూర్చున్నా. ‘మరి ఏ-3 అక్కడ ఉన్నాడా లేడా’ అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ‘ఉన్నడు’ అంటాడు. అనాల్సిందే, ఇంటికి పోవాలి కదా ఆయన. డాక్టర్‌కు చెప్పినదాంట్లో ఆ పేరు లేదన్నది కాగితమే చెబుతుంది. క్రాస్‌లో ఒక ప్రశ్న ఎక్కువ అడిగి కేసులు పోగొట్టుకున్న సీనియర్లను చూశా, వాళ్లలో నేనూ ఉన్నా.

డాక్టర్ సాక్ష్యం కూడా ముఖ్యమే. గాయం చితికి చీలినది, కోసుకుపోయింది కాదు, ఎముక విరగలేదు. పీపీ గారు తెలివిగా, గొడ్డలి వెనకవైపు తగిలితే ఇలాంటి గాయం అవుతుందా అని అడిగారు. అవుతుందన్నారు డాక్టర్. అది నిజమే. కానీ సాక్షులు ‘నరికిండు’ అన్నారు, వెనకవైపు తిప్పి కొట్టాడని ఎవరూ చెప్పలేదు.

పంచుల కథ వేరు. గొడ్డలి దొరికిందన్న పంచనామాకు ఇద్దరు సాక్షులు. ఒకాయన "సంతకం నాదే సార్, ఠాణల పెట్టించుకున్నరు" అని హోస్టైల్ అయ్యాడు, అంటే ప్రాసిక్యూషన్‌కు ఎదురు తిరిగాడు. రెండో ఆయన అప్పటి వీఆర్‌ఓ. 2020లో వీఆర్‌ఓ వ్యవస్థ రద్దయింది, 2022లో వాళ్లను వేరే వేరే శాఖలకు సర్దారు. సమన్లు పాత అడ్రస్‌కు పోయి తిరిగొస్తుంటే మూడు వాయిదాలు పోయాయి, చివరికి ఇంకో జిల్లాలో ఏదో ఆఫీసులో దొరికాడు. వచ్చి, గొడ్డలిని చూసి, ఇదేనా కాదా అంటే ఇలాంటిదే అన్నాడు. ఇలాంటి గొడ్డలి ప్రతి ఇంట్లో ఉంటుంది.

ఐవోను అడిగింది మూడే విషయాలు. ఒకటి, ఎఫ్‌ఐఆర్ వెంటనే మేజిస్ట్రేట్‌కు చేరాలి కదా, దాని మీద మేజిస్ట్రేట్ వేసిన తేదీ, టైము రెండు రోజుల తర్వాతది, ఎందుకు? పని ఒత్తిడి అన్నారు. రెండు, పెద్దాయన పోలీసులకిచ్చిన 161 స్టేట్‌మెంట్‌లో ఏ-3 ఏ చెయ్యి పట్టుకున్నాడని ఉంది? కోర్టులో ఆయన కుడిచెయ్యి అన్నాడు, స్టేట్‌మెంట్‌లో ఆ మాటే లేదు. ఇది కొత్త వకీళ్ల కోసం చెబుతున్నా: స్టేట్‌మెంట్‌ను చేతిలో ఊపితే సాక్ష్యం అయిపోదు. ముందు సాక్షికి చూపించి అడగాలి, ఆ తర్వాత ఐవో నోటితో ‘అవును, అప్పుడు అట్లా చెప్పలేదు’ అనిపించాలి. రెండో సగం మర్చిపోతే మొదటి సగం వృథా. మూడు, మీకు రిజిస్టర్డ్ పోస్టు అందిందా? అందింది. బంకుకు వెళ్లారా? వెళ్లలేదు. కారణం? గుర్తులేదు.

తర్వాత 313. జడ్జి గారు సాక్ష్యంలో వ్యతిరేకంగా వచ్చిన ప్రతిదీ చదివి ఏమంటావని అడుగుతారు. మా వాడు అన్నింటికీ "అబద్ధం" అని చెప్పి, డ్యూటీ సంగతి రాతపూర్వకంగా ఇచ్చాడు. ‘నేనక్కడ లేను’ అంటే రుజువు చేసే బరువు మన మీదే పడుతుంది, కాబట్టి బంకు మేనేజర్‌ను డీడబ్ల్యూ-1గా, అంటే మా తరఫు సాక్షిగా, పిలిపించాను. సమన్లు అందాక వచ్చాడు, అసలు పుస్తకంతో. నాలుగేళ్ల పాత పేజీ, మూలకు డీజిల్ మరక, లీటర్ల కూడికలో ఒక కొట్టివేత, పక్కన మేనేజర్ పొట్టి సంతకం, కింద మా వాడి సంతకం, రాత్రి పదీ పది. పీపీ గారు ఇది తర్వాత రాసి ఉండొచ్చు కదా అన్నారు. మేనేజర్ పేజీ తిప్పాడు. మర్నాటి పొద్దున షిఫ్టు మొదటి రీడింగ్ ఈ పేజీ చివరి రీడింగ్‌తో అంకెకు అంకె కలిసింది, ఆ కింద వేరేవాళ్ల సంతకాలు. నాకే తట్టలేదు ఆ సంగతి, నిజం చెప్పాలంటే. మేనేజర్‌కు రోజూ చేసే పని కాబట్టి తట్టింది.

తీర్పు 2024 మార్చి. 307 నిలబడలేదు. తండ్రికి 324 కింద ఏడాది శిక్ష, జరిమానా, లోపల ఉన్న నలభై ఆరు రోజులు అందులోంచి తీసేస్తారు. అప్పీలుకు వీలుగా శిక్షను అక్కడే నిలిపేశారు, అప్పీలు వేశారు, ఇంకా నడుస్తోంది. ఏ-2, ఏ-3 నిర్దోషులు. ఏ-2కు లాభమైంది కూడా ఎమ్మెల్సీ ఎంట్రీయే, వాడు నిజంగా అక్కడ ఉన్నాడో లేడో నాకు తెలియదు, అడగలేదు, నా క్లయింట్ కాదు.

ఇదే గొడవ 2024 జూలై 1 తర్వాత జరిగి ఉంటే కొత్త చట్టాలు వర్తిస్తాయి. 307 స్థానంలో, ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో 109, 324 స్థానంలో 118. గొడ్డలి స్వాధీనాన్ని వీడియో తీయాలి, అప్పుడు ‘ఠాణలో సంతకం’ అనే మాటకు చోటు తగ్గుతుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు 90 రోజుల్లో చెప్పాలి. కాపీలు 14 రోజుల్లో ఇవ్వాలి. రాతలో బాగున్నాయి. మన పాత కేసు మాత్రం పాత చట్టాల కిందే ముగిసింది. గట్టు మీద సివిల్ దావా వేరే ఉంది, అది ఇంకా సర్వే కమిషనర్ దగ్గరే ఆగింది.

తీర్పు చదివిన రోజు మధ్యాహ్నం వాళ్ల అమ్మ స్వీటు డబ్బా తెచ్చింది. అప్పుడే గుమస్తా వచ్చి ఏ-3 బాండు ఎక్కడని అడిగాడు. నిర్దోషిగా వదిలినా, పైకోర్టులో అప్పీలు పడితే హాజరవుతానని ఆరు నెలలకు బాండు, జామీన్లు ఇవ్వాలి, సీఆర్‌పీసీ 437-ఏ. కొత్త చట్టంలోనూ ఉంది, 481.

"తప్పు లేదన్నరు గద సార్, మల్ల జామీనా?" అన్నాడు పిల్లవాడు.

మేనమామకు ఫోన్ చేశారు. గంటన్నరలో బండి మీద వచ్చాడు, చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవర్ తీశాడు. కొత్త ఇంటి పన్ను రసీదు. గుమస్తా ఆధార్ పక్కన పెట్టి ఒక్కో అక్షరం మీద పెన్ను ఆనించి చూసుకుంటూ పోతుంటే మేనమామ నావైపు తిరిగి అన్నాడు, "ఐదేండ్ల కిందనే సరి చేయించిన సార్, ఎప్పుడన్న పనికొస్తదని."